రేడియేటరులో ముర్రాట

ఈమధ్య మా వీధిలో ఒక కుర్రాడు పాత కారొకటి కొన్నాడు. వాళ్ళ నాన్నకంటే వయసులో పెద్దది. దానికి రంగు వేయించి, సీట్లు కుట్టించి, ఒకనాడు మా గుమ్మం ముందు ఆపి, "తాతగారూ, దీనికి పచ్చ కూలెంటు పొయ్యాలా, ఎర్రది పొయ్యాలా?" అని అడిగాడు. నేను బానెట్ ఎత్తించి చూశాను. పాతకాలం రేడియేటరు, రాగీ ఇత్తడీ కలిపి చేసింది, అతుకులన్నీ సీసంతో అంటించినవి. "రంగు చూసి కొనకు నాయనా. కొత్త బళ్ళకి చేసిన మందులు ఈ అతుకుల్ని తినేస్తాయి. రాగి ఇత్తడి రేడియేటర్లకి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉంటేనే తీసుకో. ముందు లోపలున్న పాత నీళ్ళు వదిలేసి శుభ్రంగా కడుగు. రెండు రంగులు మాత్రం ఎప్పుడూ కలపకు" అన్నాను.

అతను అదంతా ఫోన్లో ఎక్కించుకుని, "మీ రోజుల్లో ఏం పోసేవారు?" అన్నాడు.

"నీళ్ళు."

"ఏ నీళ్ళు?"

నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్ళలో ఎవరూ నన్ను సరైన ప్రశ్న అడగలేదు. వీడు అడిగాడు. కానీ దానికి జవాబు గుమ్మంలో నిలబడి చెప్పేది కాదు, అందుకని కూర్చుని రాస్తున్నాను. బళ్ళు నడిపే పిల్లలెవరైనా చదివితే సంతోషం. నడపనివాళ్ళు చదివినా నష్టం లేదు.

నేను స్టీరింగు పట్టింది విజయనగరంలో. కోట దగ్గర టాక్సీ నడిపే ఒక ముసలాయన నా గురువు. ఆయనకి చదువు లేదు, ఓపిక అసలే లేదు. గేరు తప్పితే నెత్తి మీద మొట్టేవాడు. పెట్రోలు గురించి, ఆయిలు గురించి పెద్దగా చెప్పలేదు గానీ నీళ్ళ గురించి మాత్రం పురాణం విప్పేవాడు. వాన నీరు అన్నిటికంటే మేలు. అది లేకపోతే కొండ వాగు నీరు. ఆ తరవాత ఏటి నీరు. నూతి నీరు గతిలేనప్పుడే, ఎందుకంటే కాగు అడుగున తెల్లగా పేరుకున్నట్టు లోపల గొట్టాల్లోనూ పేరుకుంటుంది. ఇక సముద్రం పక్క నీరు పోసేకంటే ఇంజన్లో గుప్పెడు ఇసక పోసుకోవడం నయం, అది తొందరగానైనా చస్తుంది అనేవాడు. రేడియేటరు కారితే పసుపు కలిపి పోసే డ్రైవర్లు అప్పుడు చాలామంది ఉండేవారు. పసుపు ఉబ్బి చిల్లు పూడుకుంటుంది. ఆ మాటెత్తితే మా గురువుకి ఒళ్ళు మండేది. "పసుపు పోసీ డ్రైవరికి పిల్లనివ్వకూడదురా. ఆడు కాపరం కూడా అలాగే అతుకులేసుకుని నడుపుతాడు" అనేవాడు. నేను దాన్ని వేదంలా పట్టుకున్నాను.

పంతొమ్మిది వందల అరవైల చివర్లో శ్రీకాకుళానికి దగ్గర్లో ఒక ధర్మాసుపత్రిలో డ్రైవరుగా కుదిరాను. ఆసుపత్రికో జీపు ఉండేది, దాంతోపాటు ఎవరో జమీందారుల వారసులు వదిలించుకోవడానికి దానమిచ్చిన పాత విలాయితీ కారొకటి. జీపుని అందరూ నడిపేవారు, కారుని నేను తప్ప ఎవరూ ముట్టుకునేవారు కాదు. దాని నీళ్ళ కోసం పెంకుటింటి చూరు కింద పెద్ద గోలెం పెట్టించాను. వానాకాలంలో పట్టిన నీరు ఏడాదంతా దానికే. పోసే ముందు పొందూరు ఖద్దరు పంచె ముక్కలో వడకట్టేవాణ్ణి. మా కంపౌండరు నాకంటే కాస్త పెద్దవాడు, వరసేమీ లేకపోయినా బావా అని పిలిచేవాడు. "బావా, మనుసులకిచ్చే మందునీలు నేను మామూలు గుడ్డలో వడకడతన్నాను, నువ్వు ఇనపముక్కకి పొందూరు పంచె కట్టబెడతన్నావు. కారుకి అత్తారిల్లు నీదేనేటి?" అని ఏడిపించేవాడు. నేను పట్టించుకునేవాణ్ణి కాదు.

ఆ ఏడాది రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ కాసింది. ఒకరోజు పొద్దున్నే సముద్రపొడ్డు పల్లె నుంచి ఒక మనిషి సైకిలు తొక్కుకుంటూ వచ్చి ఆసుపత్రి అరుగు మీద కూలబడ్డాడు. చేపల వేట మీద బతికే పల్లె అది. వాంతులూ బేదులూ పట్టుకున్నాయని, ముందురోజు పొద్దున ఇద్దరు పోయారని, తను బయల్దేరేసరికి ఇంటికొకరు పడి ఉన్నారని చెప్పాడు. కలరా అని ఎవరూ పైకి అనలేదు. అనక్కర్లేదు.

మా డాక్టరమ్మ గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన పిల్ల. నెమ్మదస్తురాలు. కలరా గురించి చదువుకోవడమే గానీ చూడటం అదే మొదటిసారి. "ఎన్ని సెలైను సీసాలున్నాయో అన్నీ ఎక్కించండి" అంది. కలరాకి మందు నీళ్ళే. మనిషిలోంచి పోయే నీటిని అంతకంటే వేగంగా లోపలికి పంపించాలి. ఆలస్యమైతే మనిషి కళ్ళముందే ఎండిపోతాడు. జీపు మరమ్మతుకి విశాఖపట్నం వెళ్ళి ఉంది. అందుకని కారు తీశాను. వెనక సీటు సగం దాకా, డిక్కీ నిండా సీసాల పెట్టెలు గడ్డి వేసి సర్దారు. నేను టైర్లు చూసుకుంటుంటే ఆ పని కంపౌండరు చేయించాడు. డాక్టరమ్మ నా పక్కన, అతను వెనక పెట్టెల పక్కన ఎక్కారు.

తారు రోడ్డు అయిపోయి ఇసకబాట మొదలయ్యాక ఇంజను వేడి చూపించే సూది పైకి లేవడం కనిపించింది. ఎండ అనుకున్నాను. కాస్త దూరం వెళ్ళాక బానెట్ సందుల్లోంచి సన్నగా ఆవిరి వచ్చింది. ఆపి చూస్తే రేడియేటరు కింది అతుకొకటి విచ్చుకుని సూదిమొనంత ధార చిమ్ముతోంది. అయినా ధైర్యంగానే ఉన్నాను, ఎందుకంటే డిక్కీలో ఎప్పుడూ నా వాన నీళ్ళ డబ్బాలుంటాయి. ఓ డబ్బా పోసుకుంటూ వెళ్ళిపోవచ్చు. డిక్కీ తెరిచాను. పెట్టెలు తప్ప ఏమీ లేవు.

"నా డబ్బాలేవి?"

కంపౌండరు నా మొహం చూడలేదు. "ఇంకో పెట్టె పడతాదని దించేసినాను బావా. అరుగు మీదెట్టినాను, జాగర్తగానే ఉంటాయి."

నా నోటికొచ్చిన మాటలు ఇక్కడ రాయను. డాక్టరమ్మ పక్కనుందని కూడా మరిచిపోయాను. అతను అంతా విని, "నీలు ముక్కెమా, సీసాలు ముక్కెమా? నువ్వే సెప్పు" అన్నాడు. నాకు ఇంకా ఒళ్ళు మండింది, ఎందుకంటే అందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

మిగిలిన నీటితో ఈడ్చుకుంటూ పోయాం. ఎడమ చేతి వైపు ఉప్పుటేరు కనిపించింది. నిండా నీళ్ళు. కంపౌండరు ఆశగా అటు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. "కొబ్బరి నీలు?" అన్నాడు. లోపల వేడికి పాకమై అతుక్కుపోతుంది అన్నాను. చివరికి గొంతు తగ్గించి, "పోనీ ఒక నాలుగు సీసాలు..." అన్నాడు. డాక్టరమ్మ ఒక్కసారిగా వెనక్కి తిరిగి, "ఆ మాట మళ్ళీ అనొద్దు" అంది. సీసాలో ఉన్నదీ ఉప్పునీరే, ఆ సంగతి అతనికి గుర్తు చేద్దామనుకున్నాను గానీ, ఆమె మొహం చూసి బండి ముందుకి పోనిచ్చాను.

ఎదురుగా ఊరొకటి కనిపించింది. ఆ ఊరి పక్కనుంచే పల్లెకి బాట. హమ్మయ్య అనుకున్నాను. దగ్గరికొచ్చేసరికి రెండు వెదుళ్ళు పాతి, వాటి మధ్య వేపమండల తోరణం కట్టి ఉంది. దాని కింద బూడిదతో అడ్డంగా గీత. ఊరు కట్టేశారు.

మీలో చాలామందికి తెలియకపోవచ్చు. పక్క ఊళ్ళో పెద్ద రోగం వస్తే మా వైపు ఊరి పొలిమేర కట్టేసేవారు. లోపలివాళ్ళు బయటికి రాకూడదు, బయటివాళ్ళు లోపలికి పోకూడదు. లోపల్నుంచి నిప్పూ నీళ్ళూ పైకి ఇవ్వకూడదు. ఇప్పటివాళ్ళు నవ్వుతారు గానీ, మొన్న మీరందరూ మూతులకి గుడ్డలు కట్టుకుని తలుపులు వేసుకున్నది కూడా అదే కదా.

గీతకి కాస్త ఇవతల కారు నిలిచిపోయింది. కుతకుతమని లోపల ఉడుకుతోంది. తోరణం అవతల జనం గుమిగూడి ఉన్నారు. ఆడవాళ్ళ నెత్తిన కడవలున్నాయి, కడవల్లో పసుపునీళ్ళూ వేపాకులూ. ముర్రాటలు! మా అత్తవారిది పాతపట్నం వైపు, అక్కడ అమ్మవారికి ముర్రాటలు పోయడం నేను చాలాసార్లు చూశాను. పొలిమేర రాయికి పసుపునీళ్ళు పోసి తల్లిని చల్లబరిచి, ఊరు కట్టే తంతు పూర్తి చేయడానికి వచ్చారు వాళ్ళు.

నేను చేతులు జోడించాను. "కడివెడు నీళ్ళియ్యండి బాబూ. పల్లెకి మందు తీసుకెల్తన్నాం."

ఊరి పెద్ద ముందుకొచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. అతని కాళ్ళని పట్టుకుని చిన్నపిల్ల ఒకతె నిలబడి ఉంది, అతని చెయ్యి దాని తల మీదే ఉంది. "పల్లెకెల్లీ బండికి మా ఊరి నీలు ఇవ్వకూడదు బావూ. నీకు తెల్దా? నాకూ పిల్లలున్నారు" అన్నాడు.

డాక్టరమ్మ దిగి బతిమాలింది. ఆమె మాట యాస వాళ్ళకి సరిగ్గా అందలేదనుకుంటాను, అందినా వాళ్ళు కదలలేదు. అక్కడ పల్లెలో ఒక్కొక్కరే ఆరిపోతున్నారు, ఇక్కడ సీసాలు ఎండలో కూర్చున్నాయి. నడిచి మోసుకెళ్ళాలంటే ఇసకలో చాలా దూరం. ఉప్పుటేరు వైపు చూశాను. అదే పోసేద్దామా అనిపించింది. పోస్తే ఎంత దూరం వెళుతుంది? వెళితే మాత్రం మళ్ళీ సీసాల కోసం వెనక్కి రాగలదా?

అప్పుడు ఆడవాళ్ళలోంచి ఒక ముసలామె బయటికొచ్చింది. ఆ ఊళ్ళో చేపలమ్ముకునే కుటుంబాలు కొన్ని ఉండేవి, ఆమె వాళ్ళ మనిషి. బక్కగా, ఎండుచేపలా ఉంది. నెత్తి మీద కడవ అలాగే పెట్టుకుని గీత దగ్గరికి నడిచింది.

"ఏటే, ఎక్కడికి?" అన్నాడు పెద్ద.

"ముర్రాట పొయ్యడానికి."

"రాయి ఇటున్నాది."

"తల్లి ఆ పల్లెలో ఉన్నాది. అక్కడికెల్లీ బండి ఇది. బండికి పోస్తే తల్లికి పోసినట్టు కాదేటి?" అంది. "నీలు ఇవ్వకూడదన్నారు, ఇవి నీలు కాదు. ముర్రాట. అమ్మోరి సొత్తు. ఆపుతావా, ఆపు."

అమ్మవారి పేరెత్తాక ఆపే ధైర్యం ఎవరికుంటుంది? పెద్ద పక్కకి తప్పుకున్నాడు గానీ, "ముర్రాట దాటొచ్చు. నువ్వు గీత దాటితే ఏటవుద్దో తెల్సు గదా" అన్నాడు. ఆమె వెనక్కి తిరగలేదు. నేను ఆ మాట విన్నాను, కానీ నా కళ్ళన్నీ ఆవిరి మీద ఉన్నాయి, దాని అర్థం ఏమిటని ఆలోచించలేదు.

ఆమె కడవ దించేసరికి లోపల నీళ్ళు చిక్కగా, పచ్చగా ఉన్నాయి. నా గురువు గుర్తొచ్చాడు. పసుపు పోసే డ్రైవరుకి పిల్లనివ్వకూడదు. నాకు అప్పటికే పెళ్ళయిపోయింది కాబట్టి ధైర్యం చేశాను.

ఉడుకుతున్న ఇంజన్లో చన్నీళ్ళు ఒక్కసారి గుమ్మరిస్తే ఇనుము పగులుతుంది. కాబట్టి ఆగాలి. ఆ ఆగడం ఎంత కష్టమో నేను మాటల్లో చెప్పలేను. డాక్టరమ్మ రోడ్డు మీద అటూ ఇటూ తిరిగింది. కాస్త చల్లారాక ఇంజను స్టార్టు చేసి, పొందూరు గుడ్డలో వేపాకులు వడకట్టుకుంటూ కొంచెం కొంచెం పోశాను. ఆ కడవ చాల్లేదు. మిగతా ఆడవాళ్ళు తమ కడవలు గీత మీద పెట్టారు, ఒక్కరూ కాలు బయట పెట్టలేదు. ముసలామే ఒక్కొక్కటీ మోసుకొచ్చింది. కింద అతుకు దగ్గర పసుపు ధార మొదట చిమ్మింది, తరవాత కారింది, తరవాత బొట్లయింది. చూస్తుండగా బొట్టూ బొట్టుకీ మధ్య ఎడం పెరిగింది.

బయల్దేరబోతుంటే ఆమె కారు తలుపు పట్టుకుంది. "మా గుంటని, నా కూతుర్ని, ఆ పల్లెలోనే ఇచ్చినాం బావూ. పడమటేపు సివరిల్లు. ముంగట మునగసెట్టు ఉంటాది. తిరిగొచ్చీటప్పుడు... అది బతికుంటే బూరా కొట్టు. లేకపోతే కొట్టకు. ఊరికే ఎల్లిపో, నాకు తెలిసిపోద్ది."

పల్లెలో చూసినవన్నీ రాయను. చివరింటి ముందు మునగచెట్టు కనిపించగానే నేనే డాక్టరమ్మకి చెప్పాను. లోపల చాప మీద ఆ పిల్ల కళ్ళు లోపలికి పోయి, వేళ్ళు ముడతలు పడి, పిలిస్తే పలకలేని స్థితిలో ఉంది. మొగుడు విసనకర్రతో విసురుతూ ఏడుస్తున్నాడు. డాక్టరమ్మకి నరం దొరకలేదు. ఒక చెయ్యి, రెండో చెయ్యి, కాలు. ఆమె నుదుటి నుంచి చెమట ఆ పిల్ల మీద పడుతోంది. చివరికి దొరికింది. సీసా పట్టుకునే మనిషి లేక నేనే చెయ్యెత్తి పట్టుకున్నాను. చెయ్యి పీకుతున్నా మార్చుకోవడానికి భయం, ఆ చుక్కలు ఆగిపోతాయేమోనని.

తెల్లవారేసరికి సీసాలు అడుగంటాయి. కంపౌండరు ఇరికించిన ఆ పెట్టె లేకపోతే అంతదాకా వచ్చేవే కావు. ఆ మాట నేనే అతనితో అన్నాను. అతను ఎప్పటిలా వేళాకోళం చెయ్యలేదు. "బేగి ఎల్లి తేరా బావా" అన్నాడు. బయల్దేరే ముందు డాక్టరమ్మని అడిగాను, మునగచెట్టు ఇంటి పిల్ల ఎలా ఉందని. "ఇప్పుడే చెప్పలేను" అంది. ఇంకోసారి అడిగాను. "నిజంగా చెప్పలేనండీ" అంది, ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఒంటరిగా కారు నడుపుతున్నాను. సూది మీద ఒక కన్ను, బాట మీద ఒక కన్ను. కానీ భయం సూది గురించి కాదు. ముందు ఆ ఊరుంది. బూరా కొట్టాలా, మానాలా? కొడితే అబద్ధమవుతుందేమో. నేను వెళ్ళొచ్చేలోపు ఆ పిల్ల పోతే? కొట్టకుండా పోతే బతికున్న కూతుర్ని తల్లి మనసులో నేనే చంపినట్టు. ఎన్నో బళ్ళు ఎన్నో ఘాట్లలో దించాను గానీ ఆ చదును బాట మీద పడినంత భయం ఎక్కడా పడలేదు.

మలుపు తిరగ్గానే ఆమె కనిపించింది. గీతకి ఇవతలే, తాటాకు కింద కూర్చుని ఉంది. పొద్దున్నే కూతురి కబురు కోసం వచ్చి కూర్చుందనుకున్నాను. బూరా కొట్టలేదు, వెళ్ళిపోనూ లేదు. ఆమె పక్కనే ఆపేశాను.

"ఇంకా తెలీదమ్మా. ఊపిరి ఉన్నాది. సీసాలైపోయాయి, తేవడానికెల్తన్నాను."

లేచి ముంత తెచ్చింది. అందులోవి పసుపునీళ్ళు కావు, మంచినీళ్ళే. ముంత వంచేసరికి సగం బానెట్ మీద ఒలికాయి. నేను పట్టుకోబోతే ఊరుకోలేదు, మొత్తం తనే పోసింది. "బేగి ఎల్లు" అంది.

నీళ్ళు ఇవ్వకూడదన్న ఊళ్ళో ఈమెకి నీళ్ళెక్కడివి అని నాకు తట్టాలి. తట్టలేదు.

సీసాలతో తిరిగొచ్చేటప్పుడు ఆపబోతే ఆమె దూరం నుంచే చెయ్యి ఊపింది, ఆగొద్దు పో అని. మర్నాడు ఇంకో విడత వెళ్ళొచ్చాను. అప్పుడూ అక్కడే ఉంది, అప్పుడూ ముంతతో. ఆ రోజు మధ్యాహ్నం మునగచెట్టు ఇంటి పిల్ల కళ్ళు తెరిచి గంజి అడిగింది. కంపౌండరు అది చెప్పడానికి వీధంతా పరిగెత్తుకుంటూ వచ్చాడు. నేను కారు చాటుకి వెళ్ళి ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో నాకే తెలీదు, ఆ పిల్ల నాకేమవుతుంది?

మళ్ళీ సీసాల కోసం వెళ్ళే పని పడకుండానే కొన్నాళ్ళకి కొత్తగా పడేవాళ్ళు తగ్గిపోయారు. అందర్నీ దక్కించుకున్నామని చెప్పను. చాలామందిని దక్కించుకున్నాం. ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు ఆ పిల్ల గోడకి ఆనుకుని కూర్చుని, "మా అమ్మ అగుపిస్తే కూడు తిన్నానని సెప్పండి" అంది.

మలుపు ఇంకా దూరముండగానే బూరా మీద చెయ్యి వేశాను. ఇక తియ్యలేదు. డాక్టరమ్మ చెవులు మూసుకుంది, నవ్వుతూనే. చెట్ల మీది కొంగలన్నీ లేచిపోయాయి. తాటాకు కిందనుంచి ముసలామె లేచి నిలబడింది. కాస్సేపు అలాగే ఉండి, ఉన్నపళాన మళ్ళీ కూలబడింది. రెండు చేతులూ నేల మీద ఆనించి, తల వంచుకుని ఉండిపోయింది. గీత అవతల జనం పోగయ్యారు.

నేను దిగి ఆమె దగ్గరికెళ్ళి, "కూడు తిన్నాదట" అని చెప్పాను. అప్పుడే తాటాకు కింద చూశాను. చింకిచాప, మూడు రాళ్ళ పొయ్యి, మాసిన గుడ్డ. పొద్దున్నే వచ్చి కూర్చునే మనిషి సరంజామా కాదది.

"ఈవిడ ఇక్కడుందేమిటి?" అని డాక్టరమ్మ గీత అవతలున్న పెద్దని అడిగింది.

అతను తల దించుకున్నాడు. "గీత దాటినాది కదమ్మా. ఊరు కట్టినాక దాటినోలు, విప్పీదాకా లోపలికి రాకూడదు. ఆ రోజే సెప్పినాను." మళ్ళీ తనే, "తిండీ నీలూ మేమే ఎడతన్నాం. రోజుకో ముంత గీత మీద ఎట్టిస్తన్నాను" అన్నాడు.

ఆ రోజుకో ముంత నా రేడియేటరులో పడింది. రోహిణి కార్తె ఎండలో ఆ ముసల్ది ఏం తాగిందో నేను అడగలేదు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. దాన్ని ఆమె మీదే చూపించాను.

"ఎలాగూ ఊళ్ళోకి రానివ్వరని తెలుసు కదా, మరి పల్లెకెల్లి కూతురి దగ్గర ఉండొచ్చు కదమ్మా. నడిస్తే ఎంతసేపు? అది చావుబతుకుల్లో ఉంటే ఇక్కడ ఎండలో కూర్చుని ఏటి సేస్తన్నావు?"

ఆమె నన్ను వింతగా చూసింది, ఈ మాత్రం తెలీదా అన్నట్టు.

"నానెల్లిపోతే నీ బండికి నీలు ఎవులు పోస్తారు బావూ?"

కంపౌండరు మొహం తిప్పుకున్నాడు. డాక్టరమ్మ వెనక తలుపు తెరిచి పట్టుకుని, నా వైపు తిరిగి, "బండి వెనక్కి తిప్పండి" అంది. ముసలామె సీటు మీద కూర్చోనంది, చేపల వాసన అంటుతుందట. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ముంత మాత్రం ఒళ్ళోంచి దించలేదు. ఆ రోజుకి ఊరివాళ్ళు పెట్టిన నీళ్ళు అందులో ఉన్నాయి.

ఆ ఏడాది వానలు పడ్డాక రేడియేటరు విప్పి, విజయనగరంలో అతుకు వేయించి, పసుపంతా కడిగి, మళ్ళీ నా గోలెం నీళ్ళే పోశాను. గురువుకి ఈ సంగతి చెప్పలేదు. పిల్లలూ, మీరు కూడా పసుపు పోయకండి. డబ్బా మీద రాసింది చదివి అదే పోయండి.

కానీ ఆ రోజు పల్లెకి తిరిగి వెళుతుంటే, సగం దారిలో ఆమె వెనకనుంచి నా భుజం తట్టింది. "బండికి దాహమేసిందేమో సూడు బావూ" అంది. సూది చల్లగా కింద పడుకుని ఉంది. అతుకు దగ్గర బొట్టు కూడా కారడం లేదు. పొద్దున్నే గొంతుదాకా నింపాను. అయినా ఆపాను. గుడ్డతో మూత తిప్పి, ఆమె చేతిలో ముంత అందుకుని, "నువ్వు ముందు తాగమ్మా" అన్నాను. ఆమె రెండు గుక్కలు తాగి ఇచ్చింది. మిగిలినవి పోశాను. నిండుగా ఉన్న రేడియేటరులో నేను నీళ్ళు పోసింది నా జన్మలో అదొక్కసారే.